నల్లరాళ్ల నడుమ సముద్రపు జాడ

ద్రాక్షారామము చుట్టును ఉన్నది గోదావరి తెచ్చిన ఒండ్రుమన్ను. శిలాజములు చూడగోరు విద్యార్థి రాజమహేంద్రవరము చేరవలెను. అచ్చటి కాతేరు వద్దను, నది ఆవలి పంగిడి వద్దను నల్లని లావా పొరల నడుమ సున్నపురాయి గలదు. సజల హైడ్రోక్లోరికామ్లపు చుక్క పడినచో అది బుసబుస పొంగును. భూతద్దముతో చూచిన గుల్లలు కన్పట్టును.

1860లో స్టీఫెన్ హిస్లాప్ వీనిని వర్ణించెను. 1939లో నారాయణరావు, శ్రీపాదరావులు మంచినీటి నాచుల శిలాజములను ప్రకటించిరి. 2008లో గెర్టా కెల్లర్ బృందము క్రింది లావాపై పొరలో, డైనోసార్లు అంతరించిన వెంటనే బ్రతికిన సూక్ష్మ సముద్రజీవుల గుల్లలను చూపినది. కావున ఆ లావా 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటి మహావినాశ సమయముననే ఆగినదని వారు తేల్చిరి.

బట్టీలో సున్నమైన సాక్ష్యము తిరిగి రాదు. ఏరిన ప్రతి ముక్కపై ఊరును, పొరను వ్రాసి యుంచుడు.