బ్యాండు కచేరీ సంగీతం – ‘లింకన్‌షైర్ పోజీ’

బ్యాండు మేళం అనగానే మనకు పెళ్ళి ఊరేగింపే గుర్తొస్తుంది. అయితే, కూర్చుని వినడానికే బ్యాండు కోసం రాసిన కచేరీ సంగీతం కూడా ఉంది. విండ్ బ్యాండులో ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్‌లతో పాటు ట్రంపెట్, ట్రాంబోన్, డ్రమ్ములు ఉంటాయి. బ్రిటిష్ పద్ధతి బ్రాస్ బ్యాండులో ఫ్లూటు, క్లారినెట్ ఉండవు. కార్నెట్, యుఫోనియం, ట్యూబా వంటి ఇత్తడి వాద్యాలే ప్రధానం. గుస్తావ్ హోల్స్ట్ ఈ రెండింటికీ రాశారు: 1909లో విండ్ బ్యాండుకు ఇ-ఫ్లాట్ సూట్, 1928లో బ్రాస్ బ్యాండుకు ‘ఎ మూర్‌సైడ్ సూట్’.

విండ్ బ్యాండు రచనల్లో మనకు బాగా దగ్గరగా తోచేది 1937 నాటి ‘లింకన్‌షైర్ పోజీ’. దీన్ని కూర్చిన పెర్సీ గ్రెయింజర్ ఆస్ట్రేలియాలో పుట్టారు. ఇంగ్లండులోని లింకన్‌షైర్ పల్లెల్లో పెద్దవాళ్ళు పాడే పాటలను 1905, 1906లలో సేకరించారు. ఫోనోగ్రాఫు మైనపు సిలిండర్లపై వాళ్ళ గొంతులు రికార్డు చేశారు. తర్వాత వాటిలో ఆరింటిని బ్యాండుకు కూర్చారు. పాడినవాళ్ళ సాగదీతలను, లెక్కకు అందని తాళాన్ని ఆయన సరిదిద్దలేదు. ‘లార్డ్ మెల్‌బోర్న్’ భాగంలో కొంతమేర స్థిరమైన తాళమే ఉండదు. అందుకే బ్యాండ్లకు అది నేటికీ పరీక్షే. ఈ రచనను ఆయన ఆ పల్లె గాయకులకే అంకితమిచ్చారు.

మన అమ్మమ్మల పెళ్ళిపాటల్లో, జోలపాటల్లో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో కలిసి ఉంటుంది. దాన్ని ‘సరైన తెలుగు’గా దిద్దవద్దు. వాళ్ళు పాడినట్టే ఫోనులో రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు రాసి దాచుకుందాం.