యంత్రభాషకు వ్యాకరణము

మొయినాబాదు నుండి చేవెళ్లకు పోవు బాటలో, మఱ్ఱినీడను నొక పెద్ద నన్నడిగెను: "యంత్రముతో మాటాడుటకు గూడ వ్యాకరణమేల, బిడ్డా?"

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలువరించి, అందు అకారసంధి బహుళమనెను. అనగా నొకచోట గలుగును, ఒకచోట గలుగదు. ఎక్కడ నెట్లో మన చెవి యెఱుగును. కంప్యూటరునకు చెవి లేదు. దానికి సూత్రమే శరణ్యము.

కావుననే 1960లో ఆల్గాల్ అను యంత్రభాషను, బాకస్ చూపగా నౌర్ దిద్దిన పద్ధతిని, సూత్రబద్ధము చేసిరి. ఆ పద్ధతికి పాణిని పేరు చేర్పవలెనని 1967లో ఇంగర్‌మన్ సూచించెను.

1990లో హాస్కెల్ భాష వెలువడెను. చేయవలసిన పనులను వరుసగా నాజ్ఞాపింపక, ఫలమును గణితప్రమేయములతో నిర్వచించు భాష యిది. ఇందు పంక్తి యెంత లోపలికి జరిగియున్నదో యదియే సాధారణముగా వాక్యపు హద్దు. అయితే తరువాతి పదము పొసగనిచో, అచ్చటనే వాక్యసముదాయము ముగిసినదని యంత్రము గ్రహింపవలెను. తప్పు దొరలినగాని హద్దు తెలియదు! వ్రాయువారికి సుఖమైన యీ నియమమే, ఆ భాషను కేవల సూత్రములలో నిముడ్చుటను దుష్కరము చేసినది.

ఆ పెద్దకు నా యుత్తర మిదియే: వ్యాకరణము కావలెను, కాని బహుళమునకు దగ్గఱి చుట్ట మొకటి యంత్రపుటింటను గూడ కాపురమున్నది.