పారదర్శక నానోకణ పూతలు: వేడిమి, విద్యుత్ వాహకత

పారదర్శక నానోకణ పూత అంటే కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల వరకు ఉండే కణాలను ద్రవంలో కలిపి, గాజు మీదో ప్లాస్టిక్ మీదో పలుచగా పరిచి ఆరబెట్టిన పొర. అప్పుడే ఆరిన పూతలో విద్యుత్తు సరిగా పారదు. దాన్ని పారించేది ఆ తర్వాత చేసే ఉష్ణచికిత్స. వాహకతను చెడగొట్టగలిగేదీ అదే.

తొలి దశ

1907లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ బెడెకర్ పలుచని కాడ్మియం పొరను వేడితో ఆక్సైడ్‌గా మార్చాడు. అది వెలుతురును పోనిస్తూనే విద్యుత్ వాహకంగా పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేడి గాజుపై టిన్ ఆక్సైడ్ పూత వేసి, విమానాల అద్దాలపై మంచు పేరుకోకుండా వాడారు. 1954లో రూప్రెక్ట్ అనే శాస్త్రవేత్త పలుచని ఇండియం ఆక్సైడ్ పొరల వాహకతను పరిశీలించాడు. దానికి టిన్ చేర్చిన ఇండియం టిన్ ఆక్సైడ్ (ఐటీవో) తర్వాతి కాలంలో తెరల తయారీకి ప్రధాన పదార్థమైంది.

కణాలు అతుక్కోవడం

వేడి చేసినప్పుడు పక్కపక్కనున్న కణాల మధ్య మెడలాంటి అతుకు ఏర్పడి పెరుగుతుంది. దీన్ని సింటరింగ్ అంటారు. పరమాణువుల విసరణ వల్ల ఈ మెడ ఎలా పెరుగుతుందో 1949లో కుచిన్‌స్కీ అనే శాస్త్రవేత్త లోహ కణాలపై వివరించాడు. 1991లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో బ్రయన్ ఓరీగన్, మైకేల్ గ్రెట్జెల్ తయారుచేసిన రంజక సౌరఘటానికీ ఇదే ఆధారం. టైటానియం డయాక్సైడ్ నానోకణాల పూతను 450 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాల్చడంతో కణం నుంచి కణానికి ఎలక్ట్రాన్లు దాటేందుకు దారి ఏర్పడింది.

గాలి పాత్ర

ఐటీవో కణాల పూతను వేడి చేస్తే ముందు ద్రావణి ఆవిరవుతుంది. తర్వాత కణాలను చుట్టుకున్న సేంద్రియ పదార్థం కాలిపోతుంది. ఇంకా వేడెక్కితే మెడలు బలపడతాయి. ఇంతవరకు లాభమే. కానీ ఐటీవోలోని ఎలక్ట్రాన్లలో కొన్ని టిన్ నుంచి, కొన్ని ఆక్సిజన్ ఖాళీల (స్ఫటికంలో ఆక్సిజన్ పరమాణువు లేని చోట్ల) నుంచి వస్తాయి. గాలిలో కాలిస్తే ఆ ఖాళీలు నిండిపోయి ఎలక్ట్రాన్ల సంఖ్య తగ్గుతుంది. హైడ్రోజన్ కలిపిన నైట్రోజన్‌లో మళ్లీ వేడి చేస్తే ఖాళీలు తిరిగి ఏర్పడి వాహకత పెరుగుతుంది. రంజక సౌరఘటాల్లో ఐటీవోకు బదులు ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ గాజును ఎంచుకోవడానికి కారణం, అది గాలిలో కాల్చినా నిరోధం అంతగా పెరగకపోవడమే.

హద్దులు, కొత్త మార్గాలు

వేడి మితిమీరితే కణాలు పెద్దవై కాంతిని చెదరగొడతాయి, పూత మసకబారుతుంది. తెరలకు వాడే పాలియెస్టర్ ఫిల్ములు 150 డిగ్రీలు దాటితే వంకరపోతాయి. అందుకే జినాన్ దీపాల క్షణికమైన మెరుపుతో పూతను మాత్రమే వేడి చేసే పద్ధతులు వచ్చాయి. కణాలకు బదులు సన్నని తీగలు వాడటం మరో మార్గం: 2008లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వెండి నానోతీగల జాలాన్ని 200 డిగ్రీల వద్ద వేడి చేసి, తీగలు కలిసే చోట నిరోధాన్ని తగ్గించారు. వేడి ఇంకా పెంచితే అవే తీగలు తెగి బిందువులుగా ముడుచుకుంటాయి. 2012లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన బృందం కాంతితో ఆ కూడళ్లను అతికించి చూపింది.

అన్ని పూతలకూ సరిపోయే ఉష్ణోగ్రత అంటూ లేదు. ఎంత వేడి, ఎంతసేపు, ఏ వాయువులో అన్న మూడు వివరాలూ లేకుండా రెండు పూతల వాహకతను పోల్చడానికి వీల్లేదు.