దండా, ఖట్టా, ఖామఖా

కలంపేరు పెట్టుకునే కవి ఎక్కడైనా కాస్త బరువైన పేరే వెతుక్కుంటాడు. ఉర్దూ గజల్‌లో ఆ పేరు, అంటే తఖల్లుస్, చివరి షేర్‌లో (ద్విపదలో) సంతకంలా వచ్చి కూర్చుంటుంది కనుక దానికి మర్యాద ఇంకొంచెం ఎక్కువ. అలాంటి సంప్రదాయం తలకెక్కిన హైదరాబాద్‌లో, గత శతాబ్దం నడిమి దశకాల్లో, సర్వర్ అనే కవి తన పేరు పక్కన ‘దండా’ అని తగిలించుకున్నాడు. దండా అంటే దుడ్డుకర్ర. ఎజాజ్ హుస్సేన్ ‘ఖట్టా’ అయ్యాడు, అంటే పులుపు. గౌస్ మొహియుద్దీన్ అహ్మద్ ‘ఖామఖా’ అయ్యాడు, అంటే ఊరికే, ఏ కారణమూ లేకుండా. ఒకాయన ఏకంగా ‘పాగల్ ఆదిలాబాదీ’. పేరు వినగానే సభ నవ్వేది, కవిత్వం తర్వాత మొదలయ్యేది. ఈ పేర్ల వెనకాల ఉన్నది చిల్లర హాస్యం మాత్రమే అనుకుంటే ఒక నగరపు చరిత్రలో పెద్ద ముక్కే చేజారిపోతుంది.

1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం ముగిసింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లిష్‌కు మారింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కచేరీల్లో ఉర్దూ పనికిరాకుండా పోయింది, ఆ ఉర్దూ మీద బతికిన గుమాస్తాలూ మున్షీలూ పనికిరాకుండా పోయారు. ఒక్క ఇంటి కథ చూస్తే చాలు. ముగ్గురు అన్నదమ్ముల్లో హాస్యరచయిత ఇబ్రహీం జలీస్ పాకిస్తాన్ వెళ్లిపోయాడు. మహబూబ్ హుస్సేన్ జిగర్ ఇక్కడే ఉండి, ఆబిద్ అలీ ఖాన్‌తో కలిసి 1949లో ‘సియాసత్’ దినపత్రికను నిలబెట్టాడు. 1936లో పుట్టిన చిన్నవాడు ముజ్తబా హుస్సేన్ అదే పత్రికలో పనికి కుదిరాడు.

సియాసత్‌లో ‘షీషా-ఓ-తేషా’ అనే వ్యంగ్య శీర్షిక ఒకటి వచ్చేది. దాన్ని రాస్తున్న షాహిద్ సిద్దీఖీ 1962లో చనిపోయాడు. శీర్షిక ఆగకూడదని దాన్ని ముజ్తబాకు అప్పగించారు. అప్పటికి ఆయనకు హాస్యం రాసిన అనుభవం లేదు. సంతాపం ఇంకా ఆరకముందే నవ్వించాల్సి వచ్చిన ఆ ఇరకాటం ఆయన వాక్యానికి ఒక గుణాన్ని ఇచ్చిందని నాకు అనిపిస్తుంది: ఎంత ఎగతాళి చేసినా లోపల ఎక్కడో పరామర్శ వినిపిస్తుంది.

అదే 1962లో ‘జిందాదిలానే హైదరాబాద్’ పుట్టింది. స్నేహితుల గుంపు అది. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ బల్లల దగ్గర కవి మఖ్దూం మొహియుద్దీన్ వంటివాళ్లు కూర్చునే కాలం. చాయ్ మీద చాయ్ తాగుతూ ఒకరినొకరు ఏడిపించుకోవడమే అక్కడి సాహిత్య శిక్షణ. ముజ్తబా హుస్సేన్, ముస్తఫా కమాల్, హిమాయతుల్లా వంటివారు ఇందులో ముందున్నారు. భరత్ చంద్ ఖన్నా, తర్వాత నరేంద్ర లూథర్ వంటి ఐఏఎస్ అధికారులూ ఇందులో భాగమయ్యారు. ఇద్దరూ ఉర్దూలో హాస్యం రాసినవారే. 1966లో దేశం నలుమూలల ఉన్న ఉర్దూ హాస్యరచయితలను హైదరాబాద్‌కు పిలిచి మహాసభ జరిపారు. 1968లో ముస్తఫా కమాల్ ‘షుగూఫా’ అనే హాస్య మాసపత్రిక మొదలుపెట్టాడు. మొజంజాహీ మార్కెట్ బ్యాచిలర్స్ క్వార్టర్స్‌లోంచి అది యాభై ఏళ్లకు పైగా వెలువడింది. ఈ చిరునామాలన్నీ మూసీకి ఉత్తరానే ఉన్నాయని, పాతబస్తీలో లేవని పాఠకులు పట్టుకోవచ్చు. నిజమే. కూటమి ఇవతల కూర్చునేది, భాష మాత్రం నయాపూల్ వంతెన అవతలి పాతబస్తీదే.

ఆ భాష దక్కనీ. గోల్కొండ కాలంలో దానికి సింహాసనం ఉండేది. 1591లో హైదరాబాద్‌ను కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీలో దివాన్, అంటే కవితా సంపుటి, రాసిన కవి. కవి వజ్హీ రాసిన ‘సబ్‌రస్’ 1635 నాటి వచనం. ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకున్నాక ఢిల్లీ ఉర్దూ పైకి వచ్చింది, దక్కనీ వంటింట్లోకీ వీధిలోకీ దిగిపోయింది. ‘నక్కో’ (వద్దు), ‘హౌ’ (అవును), ‘కైకూ’ (ఎందుకు) అనే మాటలు విని లక్నోవాడు మూతి తిప్పుకునేవాడు. తెలుగువాడికి మాత్రం ఆ నుడికారం సొంతంలా తోస్తుంది. మనం ‘అని’ వాడే చోట దక్కనీ ‘బోల్‌కే’ వాడుతుంది, వాక్యం కూడా మన వాక్యంలాగే మలుపు తిరుగుతుంది. నజీర్ దహ్ఖానీ వంటి ముందుతరం కవులు ఈ పల్లెపలుకును మళ్లీ వేదిక ఎక్కించారు. ఆ దారినే దండా, ఖట్టా, ఖామఖా నడిచారు.

హాస్య ముషాయిరా, అంటే నవ్వుల కవిసమ్మేళనం, నడిచే తీరు కొంచెం దగ్గరగా చూడాలి. రాత్రి నమాజు అయ్యాక మొదలై చాలాసేపు సాగుతుంది. కవి షేర్‌లో మొదటి మిస్రాను, అంటే పంక్తిని, గంభీరంగా, విరహంతో కుంగిపోయిన గజల్ కవిలా చదువుతాడు. సభ దాన్ని అందుకుని తిరిగి అంటుంది. ఆయన మళ్లీ అదే చదువుతాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. కాఫియా ఏమిటో, అంటే ఏ ప్రాస పడబోతుందో, ముందే తెలుసు కనుక వింటున్నవాళ్లు మనసులో దాన్ని వెతుకుతుంటారు. రెండో మిస్రాలో సరిగ్గా ఆ ప్రాస దగ్గర రేషన్ దుకాణమో, మామగారో, మున్సిపాలిటీ నల్లానో వచ్చి పడుతుంది. కొందరు అరక్షణం ముందే ఊహించి అరిచేస్తారు. అప్పుడు కవి ఆగి, వాళ్లను ఒకసారి చూసి, వేరే మాట వేస్తే ఇక ఆ రాత్రి ఆయనదే. గాలిబ్ మిస్రా ఒకటి తీసుకుని దానికి తన మిస్రా అతికించే తజ్మీన్ మరో ఆయుధం. ఏళ్లుగా ఎవరూ వేలు పెట్టని పంక్తి ఒక్కసారిగా కూరగాయల బేరంలోకి దిగుతుంది. శిష్ట ఉర్దూ పట్ల అంతకు మించిన ధిక్కారం వేరే ఉండదు, అంతకు మించిన అధ్యయనమూ ఉండదు. గాలిబ్ నోటికి రానివాడు ఈ పని చేయలేడు.

జిందాదిలాన్ పుట్టిన ఆ అరవైలు, ప్రపంచంలో చాలాచోట్ల కుర్రాళ్లు గిటారు పట్టుకుని పెద్దలను ఎదిరిస్తున్న సంవత్సరాలు. మన దగ్గర గిటారు సికింద్రాబాద్ వైపు, రైల్వే ఆంగ్లో-ఇండియన్ల డాన్సుల దగ్గర ఉండేది. చార్మినార్ గల్లీ కుర్రాడికి అందింది ముషాయిరా మైకే. అదే నగరంలో, అవే రోజుల్లో, మరో స్నేహబృందం మరోరకంగా మర్యాదను చింపుతోంది. 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు దిగంబర కవుల మొదటి సంపుటిని ఆవిష్కరించాడు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న: వాళ్లూ కన్నవాళ్లు పెట్టిన పేర్లను విసిరేసినవాళ్లే. తమకంటూ ఒక శకం, తమవైన ఋతువులు, వారాల పేర్లు కూడా పెట్టుకున్నారు. 1966లో విజయవాడ, 1968లో విశాఖపట్నం, మూడు సంపుటాలతో ఆ ఉద్యమం ముగిసింది. నలుగురు 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) వైపు నడిచారు, 1971లో ముగ్గురు నిర్బంధ చట్టం కింద జైలుకు వెళ్లారు. దిగంబరుల చివరి సంపుటి వచ్చిన ఏడాదే షుగూఫా మొదటి సంచిక వచ్చింది. ఇద్దరికీ కోపం ఒకటే అనను. దిగంబర కవి రాబోయే దాని కోసం తిట్టాడు, ఖామఖా పోయినదాన్ని తలుచుకుని నవ్వాడు. తిట్టు మూడేళ్లలో తన పని చేసి దారి మార్చుకుంది. నవ్వుకు అంత తొందర లేదు.

ఆ నిదానానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. హాస్య ముషాయిరాల్లో సగం నవ్వులు భార్య మీద, అత్తగారి మీద. దశకాలు గడిచినా ఆ భార్య మారలేదు, ఆమె చేతి అప్పడాల కర్ర మారలేదు. ఇవి ఇప్పుడు విసుగే పుట్టిస్తాయి. ఈ మూసను బద్దలుకొట్టింది సులేమాన్ ఖతీబ్. 1922లో చిటగుప్పలో పుట్టి గుల్బర్గాలో స్థిరపడ్డ ఈ కవి ‘ఛోరా ఛోరీ’లో పెళ్లి బేరాన్ని ఎత్తుకున్నాడు. మగపిల్లవాడివాళ్ల గొంతెమ్మ కోరికలకు సభ పగలబడి నవ్వుతుంది, ఆడపిల్లవాళ్ల వంతు వచ్చేసరికి అదే యాస గొంతుకు అడ్డం పడుతుంది. ఖతీబ్ 1978లో పోయాడు. దక్కనీతో ఏడిపించవచ్చని ఆయన చూపించిన తర్వాత కూడా ఆ దారిలో ఎక్కువమంది వెళ్లలేదు.

జిందాదిలాన్ లోపల కూడా ఒక మెట్టు కనిపిస్తుంది. పద్యం దక్కనీలో నవ్వించేది, వచనం శిష్ట ఉర్దూలో నవ్వించేది. 2007లో పద్మశ్రీ అందుకుని, 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్ట సవరణకు నిరసనగా దాన్ని తిరిగిస్తానని ప్రకటించిన ముజ్తబా హుస్సేన్ వచనం ఢిల్లీవాడికీ లాహోర్‌వాడికీ ఒకేలా అందుతుంది. దక్కనీ మాత్రం కవిసమ్మేళనం మైకు దగ్గరే ఆగింది. సినిమాల్లో చాలాకాలం తెలంగాణ తెలుగు విలన్లకూ హాస్యగాళ్లకూ మిగిలినట్టే, దక్కనీ నవ్వులాటకు మిగిలింది.

ఆ మైకు మాత్రం చాలా దూరం వెళ్లింది. క్యాసెట్లలో ఎక్కి గల్ఫ్ గదులకు చేరింది, జెద్దాలోనూ చికాగోలోనూ హాస్య ముషాయిరాలు జరిగాయి. 2005లో కుంటా నిఖిల్ చిన్న ఖర్చుతో తీసిన ‘ద అంగ్రేజ్’ చార్మినార్ దగ్గర పనీపాటా లేని ఇస్మాయిల్ భాయి, సలీం ఫేకూల కోతలను సీడీల మీద ఊరూరా తిప్పింది. ప్రాస లేదన్న మాటే గానీ, ఫేకూ గొప్పలు చెప్పే పద్ధతి ముషాయిరా కవిదే: మొదటి మాట ఆకాశంలో, రెండోది గల్లీలో. 2018లో రుహాన్ అర్షద్ ‘మియా భాయి’ ర్యాప్ వచ్చింది. అందులో పాతబస్తీ కుర్రాడు తన యాసలోనే దర్జా ఒలకబోస్తాడు, ఎవరినీ నవ్వించే బాధ్యత తీసుకోడు. సాహిత్యంగా అది ఖట్టా, దండాల ముందు నిలిచేది కాదు. కానీ దక్కనీ విని మొదట నవ్వాలన్న అలవాటును అది లెక్కచేయలేదు, కోట్లమంది విన్నారు.