మర్ఫీ: ఒక ఐరిష్ ఇంటిపేరు

ఐర్లండులో అత్యధికులకున్న ఇంటిపేరు ‘మర్ఫీ’. గేలిక్ అనే అక్కడి ప్రాచీన భాషలో సముద్రాన్ని, యుద్ధాన్ని తెలిపే రెండు మాటలు కలిసి, ‘సముద్ర యోధుడు’ అనే భావంతో ఏర్పడిన ఒక పురుషనామమే దీనికి మూలం. ఆ పేరుకు ముందు, మనుమడు లేదా వంశజుడు అని చెప్పే ‘ఓ’ చేరగా అది వంశనామమైంది. ఆ ఇంటి ఆడపిల్ల గేలిక్‌లో పేరు రాసుకుంటే ‘ఓ’ స్థానంలో, కూతురన్న సూచనగా, ‘నీ’ వస్తుంది. ఆంగ్ల పాలనలో పేర్లు ఇంగ్లీషు పలుకుబడికి ఒదిగినప్పుడు ‘ఓ’ రాలిపోయింది; ఓబ్రయన్ వంటి పేర్లలో అది తిరిగి చేరినా, చిత్రంగా మర్ఫీలో చేరలేదు. వెక్స్‌ఫర్డ్, కార్క్ వంటి ప్రాంతాల్లో వేర్వేరు వంశాలు విడివిడిగా ఈ పేరు పెట్టుకున్నాయి కనుక, మర్ఫీలందరినీ ఒకే మూలపురుషుడి సంతతిగా లెక్కించడం పొరపాటు. తెలుగిళ్లకు ఈ పేరు పరిచయమైంది, 1929లో ఫ్రాంక్ మర్ఫీ ఇంగ్లండులో భాగస్వామితో కలిసి స్థాపించిన కంపెనీ పేరుతో వచ్చిన రేడియోల వల్ల.