సూదిమందు – దానిని ఇచ్చు చేయి

సూదిమందు అనగానే మందు జ్ఞాపకము వచ్చును గాని, దానిని ఇచ్చు చేయి జ్ఞాపకము రాదు. అయినను ఈ చికిత్స చరిత్రలో సగము ఆ చేతి చరిత్రయే.

1853లో ఎడింబరో నగరమున అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సు దేశమున ఛార్లెస్ ప్రవాజ్, ఎవరికి వారే బోలుసూది గల సిరంజిని వాడి చూపిరి. చాలకాలము అది ముఖ్యముగ వైద్యుని పనిముట్టుగనే యుండెను. 1940 తరువాత పెన్సిలిన్ వచ్చినది. ఆ మందు దేహమున నిలువక మూత్రముతో త్వరగ వెడలిపోవును. కావున మూడు నాలుగు గంటల కొకసారి, రేయింబవళ్ళు, కండలోనికి ఎక్కింపవలసి వచ్చెను. అంత పని వైద్యులకు సాధ్యము కాలేదు. సిరంజి నర్సు చేతికి వచ్చినది.

కండలో రక్తప్రసారము హెచ్చు గనుక మందు త్వరగ వ్యాపించును. కాని ఏ కండ? పిరుదు వెనుక కాలికి పోవు పెద్ద నాడి యున్నది. సూది దానికి తగిలినచో పాదము వ్రేలబడి, మనిషి జీవితాంతము కుంటవలసి రావచ్చును. అందుచే పిరుదును నాలుగు భాగములుగ భావించి, పైవైపు వెలుపలి భాగముననే పొడువవలెనని నర్సులకు నేర్పిరి. 1954లో హోక్‌స్టెటర్ ఇంకను క్షేమమైన తావుగ తుంటి ప్రక్కభాగమును చూపెను. పసిబిడ్డలకు తొడ ముందువైపు వెలుపలి కండ మేలు.

1950లో మెల్‌బోర్న్ వైద్యుడు మెక్‌క్లాస్కీ మరియొక ప్రమాదమును వెల్లడించెను. పోలియో వ్యాపించిన కాలమున, సూదిమందు పడిన కాలికో చేతికో పక్షవాతము తరచుగ వచ్చుచుండెను. జ్వరము రాగానే సూదిమందు కోరుట మంచిది కాదని దీనివలన తేలినది.

పూర్వము గాజు సిరంజిలను మరగబెట్టి మరల మరల వాడెడివారు. మరగుట చాలనిచోట రోగము ఒకరినుండి యొకరికి ప్రాకెను. 2000 సంవత్సరమున అపరిశుభ్రమైన సూదుల వలన సుమారు 2 కోట్ల 10 లక్షల మందికి హెపటైటిస్-బి సోకినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

సూది తీసినంతనే పని ముగియదు. పొడి దూదితో మెల్లగ అదిమి పట్టవలెను. వెనుకటివలె గట్టిగ రుద్దరాదు. రోగిని కొంతసేపు కూర్చుండబెట్టి, దద్దురులు గాని ఆయాసము గాని వచ్చునేమో కనిపెట్టవలెను. వాడిన సూదికి మరల మూత పెట్టక, గట్టి పెట్టెలో వేయవలెను.

ఇంటివారు చూడవలసినవి మూడు: ఈ సూది అవసరమా? క్రొత్త పొట్లమును మన యెదుట విప్పిరా? పొడిచినప్పుడు కాలు జివ్వున లాగినదా, పిదప తిమ్మిరెక్కినదా? అట్లు జరిగినచో వెంటనే చెప్పవలెను. ఈ మూటిని గమనించు ఇల్లు నర్సు చేతికి తోడు నిలిచినట్లే.