తొలిమెట్టు

తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 1–5 తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడేలా చేయడానికి 2022 ఆగస్టులో మొదలైన కార్యక్రమం. ఎల్బీనగర్ వంటి హైదరాబాద్ శివార్లలోని సర్కారు బడులకూ వర్తిస్తుంది. దీని శిక్షణలో ఉపాధ్యాయులు నేర్చుకునేది మార్కులు వేయడం కాదు, వాటిని చదవడం. ప్రారంభ పరీక్షలో ప్రతి విద్యార్థి స్థాయినీ నమోదు చేసి, ఆ స్థాయి నుంచే బోధించాలి. ఐదో తరగతి పిల్లకు తీసివేతలో అప్పు తీసుకోవడం రాకపోతే పాఠం అక్కడే మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లోనూ పరీక్షలకు కొదవలేదు. కానీ అక్కడి ర్యాంకు ఎవరు ముందున్నారో చెబుతుంది, ఎక్కడ తడబడ్డారో చెప్పదు. అసలు చిక్కు సమయం: ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే బడిలో నమోదుకే బోలెడంత పోతుంది. ఉన్నత పాఠశాలలకు తర్వాత ‘ఉన్నతి’ అనే ఇలాంటి కార్యక్రమం వచ్చింది.